ముడి కట్టిన జాగ: తాపీ ఒడ్డున వల వేసేవాళ్ల మర్యాద

ఎందుకు రాస్తున్నాను

కామ్‌రేజ్ దగ్గర తాపీ నది ఒడ్డున పాడుబడిన పంపుహౌసు ఒకటుంది. దాని ముందున్న సిమెంటు గట్టు మీద నిలబడి ఇరవై ఎనిమిదేళ్లు విసురు వల వేశాను. నా కుటుంబం ఆ వల మీదే బతికింది. ఆ గట్టు ఎవరి సొంతమూ కాదు, సర్కారు భూమి. ఎవరైనా రావచ్చు. ఎవరైనా రాగల చోట కొందరు వేటగాళ్లు రోజూ ఒకే నీటిలో వేటాడి, మధ్యాహ్నానికి ఒకరి మీద ఒకరికి కోపం లేకుండా ఇళ్లకు పోవాలంటే కొన్ని మర్యాదలు ఉండాలి. మాకు ఉన్నాయి. అవి ఎక్కడా రాసి లేవు.

వెతికే ఈ మాట అంటున్నాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా సూరత్‌లోని మా తెలుగు సంఘం గ్రంథాలయంలో జరిగింది. తెలుగు పుస్తకాలు అయిపోయాక హిందీవి పట్టాను, ఆ తరువాత గుజరాతీ అక్షరాలు కూడబలుక్కున్నాను. చేప ఏ నెలలో గుడ్లు పెడుతుందో పుస్తకాల్లో ఉంది. వలకు కన్ను ఎంత ఉండాలో ఉంది. ఒకే మడుగు దగ్గర ఇద్దరు మనుషులు వలలతో ఎదురుపడితే ముందు ఎవరు మాట్లాడాలో మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

నాతో పాటు గట్టు మీద పాతికేళ్లు నిలబడిన పోచయ్య బావ, నేను ఇది రాస్తానంటే వద్దన్నాడు.

"రాసినవనుకో, సూరత్ సూరతంతా మన గట్టు మీదికే అస్తది."

"రాయకుంట ఉంటే ఏమైందో చూసినం గద బావా."

ఆయన మళ్లీ వద్దనలేదు. కరోనా రెండో విడతలో, ఎంతో గొప్పదనుకున్న మా మర్యాద ఒకటి మా మనిషినే చంపబోయింది. అతని పేరు ఓదెలు. ఆ తప్పులో పెద్ద వాటా నాది. లాక్‌డౌన్ తరువాత ఈ నదికి చాలామంది కొత్తవాళ్లు వల పట్టుకుని వచ్చారు, ఇంకా వస్తున్నారు. వాళ్లకు మా పద్ధతులూ తెలియాలి, ఆ తప్పూ తెలియాలి. అందుకే రాస్తున్నాను.

నా గురువు భీఖుకాకా

నేను సూరత్‌కు వచ్చింది మరమగ్గాల పనికి. మావాళ్లు వాటిని సాంచెలంటారు. నాలుగేళ్లు నడిపాక దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మా ఇంట్లో తాతల నాటి నుంచి వాగుల్లో వల వేసే పని ఉంది కాబట్టి, ఊరి నుంచి వల తెప్పించుకుని తాపీ ఒడ్డుకు వెళ్లాను. వెళ్లిన మొదటి రోజే చేయగలిగిన తప్పులన్నీ చేశాను.

గట్టు మీద ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన వల నీటిలో ఉంది. నేను పై వైపు నుంచి దబదబా నడిచి వచ్చి, ఆయన పక్కనే నిలబడి, ఆయన వల ఇంకా నది అడుగుకు దిగకముందే దాని అంచు మీద పడేట్టు నా వల విసిరాను. రెండు వలల అంచుల్లోని సీసపు గుండ్లూ చిక్కుపడ్డాయి. రెండు వలలనూ కలిపి లాగి, కూర్చుని, నా వలలో ఒక్క కన్ను కూడా తెగకుండా చిక్కు విప్పాడు. చాలాసేపు పట్టింది. విప్పిన నా వలను నాకిచ్చి, తన వలను భుజాన వేసుకుని, ఆ రోజుకు వేట మాని వెళ్లిపోయాడు.

ఆయన తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టేవాణ్ని. తెల్లవారి ఆయన కంటే ముందు వెళ్లి, వల పక్కన పెట్టి కూర్చున్నాను. ఆయన వచ్చి నన్ను చూసి నవ్వాడు. "ధీరజ్ రాఖ్" అన్నాడు. ఓపిక పట్టు అని. ఆయనే భీఖుకాకా, ఆ ఒడ్డునే పుట్టి పెరిగిన జాలరి. అప్పటి నుంచి పోయేదాకా ఆయన మాకు నేర్పినవే మా గట్టు చట్టాలు.

ఒడ్డుకు ఎప్పుడూ దిగువ వైపు నుంచి రావాలి. ఎగువ నుంచి నడిస్తే అడుగుల అదురు, రేగిన మట్టి ముందే చేపకు చేరతాయి. రాగానే ఒకసారి దగ్గాలి, అవతలివాడు వల పైకి లాగేదాకా మాట్లాడకూడదు. ముందు వచ్చినవాడు ముందు విసరాలి. అతని వల లేచాక నీటి మీద బుడగలు పోయేదాకా రెండోవాడు ఆగాలి. ఎవరి వలైనా అడుగున కంపకు పట్టుకుంటే అందరి వలలూ కింద పెట్టేయాలి, పక్క జాగవాడు నీళ్లలో దిగాలి. గాలాలవాళ్లు గట్టు నుంచి నీటికి దిగే మెట్ల కింద, మేము గట్టు మీద. గాలం తాడు వలను కోస్తుంది, వల చప్పుడు గాలాన్ని చెడగొడుతుంది. ఇద్దరూ ఒకచోట కుదరరు.

ఇక రెండు పెద్ద నియమాలు. పగిలిన గట్టు అంచున ఐదు ఇనుప చువ్వలు బయటికి పొడుచుకుని ఉంటాయి. ఐదు చువ్వలు, ఐదు జాగలు. ఎవరి జాగ వాళ్లది అని చెప్పడానికి చువ్వకు ఒక గుడ్డ ముడి వేసుకుంటారు. ముడి ఉన్నంత కాలం, మనిషి రాకపోయినా సరే, అతను చెబితే తప్ప ఆ జాగలో ఇంకొకరు నిలబడరు. ఊరికి పెళ్లికి పోయినవాడు, పొలం పనికి పోయినవాడు తిరిగి వచ్చి తన జాగ కోసం కొట్లాడకూడదని కాకా పెట్టిన పద్ధతి అది. ఎవరి ముడి వాళ్లే విప్పుకోవాలి. ఇంకొకరి ముడి విప్పడం కంటే పెద్ద తప్పు మా గట్టు మీద లేదు.

రెండోది, నీటి గురించి అడుగు, మనిషి గురించి అడగకు. "నీళ్లెట్లున్నయి?" అనవచ్చు. ఎన్ని పడ్డాయి, ఎక్కడ ఉంటావు, ఎందుకు వచ్చావు అని అడగకూడదు. దానికి కాకా చెప్పిన కారణం నాకు నచ్చింది. ఈ ఒడ్డుకు వచ్చే ప్రతివాడూ ఏదో ఒక బాధ నుంచి తప్పించుకునే వస్తాడు, ఆరా తీస్తే ఇక్కడి నుంచి కూడా పోతాడు అనేవాడు. సాంచెల పని వదిలి వచ్చిన నన్ను ఎవరూ ఏమీ అడగకపోవడం అప్పట్లో నాకు ఎంత సుఖంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది నేనే.

పుస్తకం చెప్పినది, నీళ్లు చెప్పినది

చదువు గురించి గొప్పగా చెప్పుకున్నాను కాబట్టి, చదువుతో చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఏడు గ్రంథాలయంలో ఆటుపోట్ల గురించి ఒక హిందీ పుస్తకం దొరికింది. చంద్రుడికీ సముద్రానికీ ఉన్న లెక్క, పోటుతో పాటు చేప నదిలోకి ఎక్కడం, అన్నీ అందులో ఉన్నాయి. రెండు వారాలు కూర్చుని కాగితం మీద వేళలు గీసి గట్టు మీదకు తీసుకుపోయాను. రేపు పోటు ఫలానా వేళకు వస్తుంది, అందరూ వేచి ఉండండి అన్నాను. పోచయ్యతో సహా అందరూ పొద్దుటి వేట మాని నా మాట విని కూర్చున్నారు. నీళ్లు కదలలేదు.

భీఖుకాకా నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "లెక్క బాగుంది భాయ్. కానీ నగరంలో నదికి అడ్డంగా కాజ్‌వే కట్టి ఎన్నాళ్లయింది? పోటు అక్కడిదాకా వచ్చి, గోడకు తల కొట్టుకుని వెనక్కు పోతుంది. నీ చంద్రుడికి ఎవరైనా చెప్పాలి" అన్నాడు. పోచయ్య ఆరు నెలల పాటు నన్ను "చంద్రయ్య" అని పిలిచాడు.

అంతమాత్రాన పుస్తకాలు వదల్లేదు. తొలకరిలో గుడ్లతో ఉన్న చేపను వదిలేయాలని చదివి, మా గట్టు మీద ఆ పద్ధతి పెట్టించింది నేనే. మొదట్లో పోచయ్య "నీ పుస్తకాల చేప కూరకస్తదా?" అని వెక్కిరించాడు. రెండేళ్లకు రవ్వ చేపలు పెరగడం కళ్లతో చూశాక తనే గుడ్ల చేపలను వదిలాడు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చదవండి. చదివినదాన్ని నీళ్ల దగ్గరకు తెచ్చి సరిచూసుకోండి. నియమాలకు కూడా అదే వర్తిస్తుందని తెలుసుకోవడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఓదెలు జాగ

ఓదెలు సూరత్ నగరంలోని డిండోలిలో ఉండి సాంచెల మీద పనిచేసేవాడు. సెలవు రోజున సైకిల్ మీద కామ్‌రేజ్ దాకా వచ్చి, ఎవరైనా వెళ్లిపోతూ నిలబడమంటే ఆ జాగలో కాసేపు వల వేసేవాడు. మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాయి. తోటివాళ్లు రైళ్లలో ఊళ్లకు పోయారు. ఓదెలు పోలేదు. రాకపోకల మీద ఆంక్షలు కాస్త సడలగానే రోజూ వచ్చి, పట్టిన చేప అమ్ముకుని, ఇంటికి డబ్బు పంపడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఏడాదే భీఖుకాకా కన్నుమూశాడు. ఆయన నిలబడే నడిమి జాగ ఖాళీగా ఉంది. ఓదెలు ఆ చువ్వకు ఎర్ర తువాలు ముక్క కట్టుకుంటానంటే అందరం సరే అన్నాం. సాంచెలు మళ్లీ నడిచినా అతను వాటి దగ్గరకు పోలేదు. పొద్దున మాకంటే ముందే గట్టు మీద ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు. అతనికి ఎంతమంది పిల్లలో కూడా మాకు తెలియదు. అడగలేదు కదా.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో రెండో విడత వచ్చింది. నగరంలో అంబులెన్సులు ఆసుపత్రుల ముందు వరుసకట్టాయి. గట్టు మీద మేము మూతికి గుడ్డ కట్టుకుని, ఒక చువ్వకూ ఇంకో చువ్వకూ మధ్య ఉన్న దూరమే మాకు రక్ష అనుకుని వేట సాగించాం. ఒకరోజు ఓదెలు రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు గట్టు కింద నిలబడి వంతు కోసం చూస్తున్న కొత్తవాడొకడు నా దగ్గరకు వచ్చాడు. పేరు శంకర్. ముప్పై ఏళ్లుంటాయి. నగరంలోనే బమ్రోలిలో సాంచెల పని పోగొట్టుకుని వల కొనుక్కున్నాడు.

"సాయిలన్నా, గా నడిమి జాగ ఖాళీగనే ఉన్నది గద. జర నిలబడుతా."

"అది ఓదెలుది. ముడి చూడు."

"ముడి ఉన్నది, మనిషి లేడు."

"మనిషి అస్తడు."

"ఎప్పుడస్తడు?"

"అచ్చినప్పుడు."

పోచయ్య పక్క నుంచి అందుకున్నాడు. "మీ బమ్రోలిల ఒకడు ఆరేసిన బట్ట మీద ఇంకొకడు ఆరేస్తడేమో. ఈడ నడువదు."

శంకర్ కిందికి పోయాడు. ఐదో రోజు కామ్‌రేజ్ కుర్రాళ్లిద్దరు నేరుగా ఆ జాగలోకి వచ్చి వల దులిపారు. నేను నా వల వదిలిపెట్టి వెళ్లి వాళ్ల ముందు నిలబడ్డాను. కొట్లాటకైనా సిద్ధపడ్డాను. వాళ్లు గొణుక్కుంటూ పోయారు. ఏడో రోజు గాలి దుమారం వచ్చి ఓదెలు ముడి వదులైంది. దాన్ని నా చేత్తో బిగించాను. ఆ రోజు ఇంటికి వెళ్లి నా భార్య రాజవ్వతో, "మా గట్టు మీద మర్యాద ఇంకా బతికి ఉంది" అని చెప్పాను కూడా. ఆమె "గా పిలగాడు ఏమైండు మరి?" అంది. "నీటి కాడ మనిషి గురించి అడుగం" అన్నాను. ఆమె నా వైపు చూసి వంటింట్లోకి పోయింది.

తొమ్మిదో రోజు శంకర్ మళ్లీ అడిగాడు. నేను మళ్లీ ముడి చూపించాను. ఈసారి అతను కిందికి పోలేదు.

"మా రూమ్‌ల పన్నెండు మందిమి ఉంటం అన్నా. మర్యాద గిర్యాద ఏం లేదు. పొద్దుగాల ఒకడు లేవకుంటే కాలుతోని తన్ని చూస్తం, ఉన్నడా పోయిండా అని. మీరు తొమ్మిది దినాల సంది గా గుడ్డపేలికను కాపాడుతున్నరు. మంచిగనే ఉన్నది. ఆయన ఏడున్నడో ఒక్కరన్న అడిగిన్రా?"

పోచయ్య వల సగం లాగి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నీ తాన నంబరున్నదా?" అని నన్నే అడిగాడు శంకర్.

లేదు. ఎవరి దగ్గరా లేదు.

డిండోలి

పిండి గిర్ని పైన రూము అని ఓదెలు ఎప్పుడో ఒకసారి అన్న మాట ఒక్కటే మాకు ఆధారం. శంకర్ బండి మీద వెనక కూర్చుని డిండోలి పోయాను. మొదటి గిర్నిలో తెలియదన్నారు. రెండో గిర్ని పక్క మెట్ల మీద ఒక ఒడియా స్త్రీ కూర్చుని ఉంది. మేము ఓదెలు అనగానే లేచింది. నాలుగు రోజులుగా అతను తలుపు తీయలేదని, కిటికీ లోంచి గంజీ నీళ్లూ అందిస్తున్నానని, నిన్న సాయంత్రం నుంచి గిన్నె అలాగే ఉందని హిందీలో చెప్పింది. అంబులెన్సుకు గిర్ని యజమాని ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదట. అతనితో ఉండే నలుగురూ మళ్లీ లాక్‌డౌన్ పడుతుందని ఊళ్లకు పోయారట.

శంకర్ భుజంతో రెండు దెబ్బలు వేస్తే గడియ ఊడింది. ఓదెలు చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

"జాగ పోయిందా అన్నా?" అన్నాడు.

"పోలే. ముడి గట్లనే ఉన్నది."

ఆ మాటకు కళ్లు మూసుకున్నాడు. నా జీవితంలో అంత సిగ్గుపడిన సందర్భం ఇంకొకటి లేదు. తొమ్మిది రోజులు నేను కాపాడినది ఆ చువ్వకున్న తువాలు ముక్కను. ఇక్కడ మనిషి గోడకు ఆనుకుని ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు.

బండి మీద శంకర్ ముందు, ఓదెలు మధ్యలో, అతన్ని పట్టుకుని నేను వెనక. మొదటి ఆసుపత్రి గేటు దగ్గరే చోటు లేదన్నారు. రెండో చోట అతని వేలికి పెట్టిన యంత్రంలో అంకె చూసి అక్కడి మనిషి తల అడ్డంగా ఊపాడు. మంచాలు లేవు. అప్పుడు గ్రంథాలయం చూసుకునే ప్రకాశరావు గారికి ఫోన్ చేశాను. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. గ్రంథాలయం మూసేసినా, ఏ కుల సంఘం వాళ్లు ఏ హాల్లో రోగులకు మంచాలు వేశారో, ఎక్కడ ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయో రోజూ కాగితం మీద రాసుకుంటున్నారని విన్నాను.

"సాయిలు గారూ, ఫోన్ పెట్టేయకండి. ఎక్కడున్నారో చెప్పండి. నేను రెండో ఫోన్లో అడుగుతున్నాను."

ఎండలో ఆసుపత్రి గోడ పక్కన నిలబడి, చెవికి ఫోన్ ఆనించుకుని ఆయన ఇంకొకరితో మాట్లాడుతున్నది విన్నాను. ఒక చోట కాదన్నారు, ఇంకో చోట కాదన్నారు, మూడో చోట ఉందన్నారు. "పెళ్లిళ్ల హాలు. ఒక మంచం ఉందట, గంటసేపు ఆపుతామన్నారు. వెళ్లండి" అన్నారు. మేము ఆ గంటలోపు చేరాం. ముక్కుకు గొట్టం పెట్టాక అరగంటకు ఓదెలు పడుకోగలిగాడు.

పందొమ్మిది రోజులు అక్కడ ఉన్నాడు. శంకర్‌కూ జ్వరం వచ్చి తగ్గింది. నేను రెండు వారాలు ఇంట్లో ఒక గదిలో ఉన్నాను. పుస్తకం తెరిచినా అక్షరం ముందుకు పోలేదు.

నియమం మార్చడం

వానాకాలం పోయాక ఓదెలు గట్టు మీదకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. తన జాగలో నిలబడి, వల మడిచి భుజాన వేసుకుని విసిరాడు. విప్పుకుని గుండ్రంగా పడవలసిన వల ముద్దలా కాళ్ల ముందే పడింది. దగ్గుతూ కూర్చుండిపోయాడు. ఇంకో రెండు సార్లు ప్రయత్నించాడు. డాక్టరు ముందే చెప్పాడట, ఊపిరితిత్తుల్లో మచ్చ పడింది, బరువు విసిరే పని ఇక కుదరదని. మాకు చెప్పలేదు. లేచి తన చువ్వ దగ్గరకు పోయి ముడి విప్పుకోబోయాడు.

"ఆగు" అన్నాను. "గాలం వేసుకో."

"మెట్ల కిందికి దిగుత గని, ఎక్కలేనన్నా. ఇరవై మెట్లు."

"కింద గాదు. ఈడనే."

పోచయ్య ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన వాదనలో నిజం ఉంది కాబట్టి రాస్తున్నాను.

"గాలం గాలమే, వల వలనే. నడిమిట్ల తాడు ఏస్తే నాలుగు వలలు తెగుతయి. కాకా పెట్టిన పద్ధతి గిది. ఇయ్యాల ఓదెలు అంటవు, రేపు ఇంకొకడస్తడు."

"రానియ్యి."

"మరి మర్యాద?"

"తొమ్మిది దినాలు మర్యాదనే చేసినం గద బావా."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. నేను గట్టిగానే అన్నాను, ఇప్పటికీ ఆ మాట వెనక్కు తీసుకోను. కానీ తాడు వలను కోస్తుందన్నది నిజం. దానికి జవాబు కావాలి. గట్టు దిగువ చివర నా జాగ. అక్కడి నుంచి గాలం వేస్తే తాడు నీటితో పాటు కిందికే పోతుంది, పై నాలుగు వలలకూ తగలదు. ఇరవై ఎనిమిదేళ్లు నేను నిలబడిన జాగ అది.

నేనేదో త్యాగం చేశానని ఎవరూ అనుకోవద్దు. రెండేళ్లుగా నా కుడి భుజం పైకి లేవడం లేదు. వల సగమే విప్పుకుంటోంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అడగని మర్యాద నాకు అలా కూడా ఉపయోగపడింది. ఆ రోజు అందరి ముందూ చెప్పి, నా ముడి నేనే విప్పాను. తుప్పుకు అంటుకుపోయి ఉంటే కత్తితో కోయాల్సి వచ్చింది. ఓదెలు నా జాగలో గాలం వేసుకున్నాడు. నడిమి జాగ శంకర్‌కు ఇచ్చాం. నా వృత్తి జీవితం అక్కడితో ముగిసింది.

"ఇగ నువ్వు పుస్తకాలకే పనికస్తవు" అన్నాడు పోచయ్య. వల అందుకుంటూ, "రోజు అయితే రా. ఊకె కూసో" అన్నాడు.

ఇప్పుడు మా గట్టు పద్ధతి

కొత్తగా వచ్చేవాళ్లకు చెబుతున్నాను. దిగువ నుంచి రావడం, బుడగలు పోయేదాకా ఆగడం, ఇరుక్కున్న వలకు అందరూ సాయపడడం, ముడిని ముట్టకపోవడం, ఇవన్నీ ఉన్నాయి, ఉంటాయి. వీటిని పాటించనివాడితో ఇప్పటికీ మొహమాటం లేకుండా మాట్లాడతాను. వల వేయడం ఎవరైనా ఒక నెలలో నేర్చుకుంటారు. పక్కవాడి వల నీటిలో ఉండగా చేతులు ముడుచుకుని నిలబడడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఓపిక లేనివాళ్లు ఇంకో పని చూసుకోవడం మంచిది.

అడగకూడదన్న నియమాన్ని మాత్రం తీసేశాం. పంపుహౌసు గోడ మీద గట్టువాళ్లందరి పేర్లూ, నంబర్లూ, ఉండే వీధులూ తెలుగులో, హిందీలో, గుజరాతీలో రంగుతో రాశాం. ఊరికి పోయేవాడు చెప్పి పోవాలి. చెప్పకుండా రెండు రోజులు రాకపోతే మూడో రోజు పొద్దున ఎవరో ఒకరు వేట మానుకుని అతని తలుపు కొట్టాలి. ఎవరి వంతో కూడా గోడ మీదే ఉంటుంది. ఇప్పటిదాకా చాలా తలుపులు కొట్టాం. ఎక్కువసార్లు మనిషి నిద్రపోతూనో, పెళ్లాంతో కొట్లాడి అలిగి కూర్చునో కనబడ్డాడు. కొందరు విసుక్కున్నారు. అయినా కొడతాం.

ఎన్ని పడ్డాయని అడగడం ఇప్పటికీ బాగుండదు. ఎట్లా ఉన్నావని అడగండి. జవాబు వినేదాకా ఆగండి. నీళ్ల గురించి తరువాత అడగవచ్చు.

కృతజ్ఞతలు

నా వల చిక్కు విప్పిన భీఖుకాకాకు. ఆయన నియమాన్ని మేము మార్చాం. ఆయన ఉంటే కోప్పడేవాడో లేదో నాకు తెలియదు, కానీ మొదటి రోజు నాతో ఉన్న ఓపికతో వినేవాడని నమ్ముతున్నాను. ఫోన్ పెట్టేయని ప్రకాశరావు గారికి. ఈ రాత ప్రతిలో తప్పులు దిద్దింది కూడా ఆయనే. ఆ పెళ్లిళ్ల హాల్లో రోజూ అరవై మందికి ఖిచిడీ వండి పంపిన కోకిలాబెన్‌కు. ఒక మంచాన్ని గంటసేపు ఆపిన నర్సు భావనాబెన్‌కు. చివరిదాకా వాదించి, ఆ తరువాత గోడ మీద పేర్లన్నీ తనే రంగుతో రాసిన పోచయ్య బావకు. అడగవలసిన ప్రశ్న నాకంటే ముందే అడిగిన రాజవ్వకు. అదే ప్రశ్న అందరి ముందూ అడిగిన శంకర్‌కు. తన కథ రాయడానికి ఒప్పుకున్న ఓదెలుకు. చదివి వినిపిస్తే, "నాకు ముగ్గురు పిల్లలన్నా, రాయి" అన్నాడు. రాశాను.

ఈ వరుసలో చివరి పేరు కోసం మళ్లీ డిండోలి పోవాల్సి వచ్చింది. ఆ రోజు మెట్ల మీద కూర్చున్న ఆమె లేకపోతే మేము వెళ్లేసరికి తలుపు విరగ్గొట్టడం దండగయ్యేది. అంత హడావిడిలో ఆమె పేరు అడగలేదు. ఇది రాయడం మొదలుపెట్టాక, గిర్ని పక్క మెట్లెక్కి అడిగాను. ఆమె నవ్వి, ఇన్నాళ్లకు ఎందుకని తిరిగి అడిగింది. పుస్తకంలో రాయాలని చెప్పాను. ఆమె పేరు సబిత. ఆమె భర్త కూడా సాంచెల మీదే పనిచేస్తాడు. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు.